కాలిపర్ మార్చమన్నారా? ముందు పిన్నులు బయటికి తీసి చూడండి

ప్రశ్న: కాకినాడలో వాడుతున్న ఏడేళ్ల చిన్న కారు, 60 వేల కి.మీ. తిరిగింది. ముందు ఎడమ చక్రం దగ్గర వేడి, కాలిన వాసన. రెండు వైపులా బ్రేక్ ప్యాడ్లు మార్చి పది నెలలే అయింది. ఎడమ వైపు బయటి ప్యాడ్ అరిగిపోయింది, లోపలిది సగానికి పైగా ఉంది. షెడ్డులో కాలిపర్ మొత్తం మార్చాలంటున్నారు. ప్యాడ్లు వేసినప్పుడు పిన్నులకు గ్రీజు కూడా పెట్టించాను, చాసిస్‌కి కొట్టే గ్రీజే. ఇంట్లో నేనే శుభ్రం చేసుకుంటే సరిపోతుందా?

సమాధానం:

సరిపోయే అవకాశమే ఎక్కువ. బయటి ప్యాడ్ అరిగిందన్న మాటలో సగం జవాబు ఉంది, చాసిస్ గ్రీజు అన్న మాటలో మిగతా సగం.

చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని రెండు ప్యాడ్ల మధ్య పట్టి ఆపేదే కాలిపర్. మీ కారు ముందు చక్రాలకు ఉండే కాలిపర్‌లో పిస్టన్ ఒక్కటే, అదీ లోపలి వైపున. పెడల్ తొక్కితే అది లోపలి ప్యాడ్‌ని డిస్క్ మీదికి నొక్కుతుంది. ఆ నొక్కుడుకే కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద లోపలికి జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొచ్చి డిస్క్‌కి ఆనిస్తుంది. పెడల్ వదిలాక పిస్టన్‌ని వెనక్కి తెచ్చేది స్ప్రింగు అనుకుంటారు చాలామంది. కాదు. పిస్టన్ చుట్టూ ఉన్న చదరపు అంచుల రబ్బరు సీలు ఒత్తిడికి కాస్త మెలిపడి, ఒత్తిడి పోగానే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. బయటి ప్యాడ్‌కి ఆ సాయం లేదు. తిరిగే డిస్క్‌లో ఉండే కొద్దిపాటి ఊగు దాన్ని పక్కకు నెట్టాలి, కాలిపర్ పిన్నుల మీద తేలిగ్గా జారాలి. పిన్ను పట్టేసిందా, బయటి ప్యాడ్ డిస్క్‌కి ఆనుకునే ఉండిపోతుంది. వేడి, వాసన, అరుగుదల అన్నీ అక్కడివే.

లోపలి ప్యాడ్ ఎక్కువగా అరిగి ఉంటే నా అనుమానం ముందు పిస్టన్ మీదికి పోయేది. ఒకే ప్యాడ్ ఒక కొస పలచగా, మరో కొస మందంగా అరిగితే రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసిందని, లేదా ప్యాడ్ కొసన పొడుచుకొచ్చి ఉండే చెవి దాని గాడిలో ఇరుక్కుందని అర్థం. పాత ప్యాడ్లు తీసినప్పుడు పారేయకండి. లోపలిదేదో బయటిదేదో మార్కర్‌తో రాసి పెట్టుకోండి. ఏ పరికరమూ చెప్పనంత వివరంగా చెబుతాయవి.

విప్పే ముందు ఒక పరీక్ష ఉంది, దాన్ని దాటవేయొద్దు. చక్రం ఎత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, పెడల్ నాలుగైదు సార్లు తొక్కి వదిలి చక్రాన్ని చేత్తో తిప్పండి. కాస్త గీసుకునే చప్పుడు మామూలే. బలంగా పట్టేసి ఉంటే, కాలిపర్ వెనకున్న బ్లీడర్ నిప్పిల్‌కి (బ్రేక్ ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) సన్నటి గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో పెట్టి, 8 లేదా 10 నంబరు రింగు పానాతో పావు చుట్టు వదులు చేయండి. బ్రేక్ ఆయిల్ చిమ్మి చక్రం ఒక్కసారిగా తేలికైతే తప్పు పిన్నులది కాదు. లోపల ఒత్తిడి బందీ అయిపోయింది. ఒక్క వైపే అలా ఉంటే సాధారణంగా రబ్బరు హోసు లోపలి పొర ఉబ్బి దారి మూసేసి ఉంటుంది. రెండు వైపులా ఉంటే, పెడల్ తొక్కినప్పుడు ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండర్ దాకా చూడాలి. నిప్పిల్ వదిలినా చక్రం అలాగే బిగుసుకుని ఉంటే పట్టేసింది పిన్నో, పిస్టనో, ప్యాడో. అదే మన పని. నిప్పిల్ తెరిచి ఉన్నంత సేపు ఎవరూ పెడల్ తొక్కకూడదు, గాలి లాక్కుంటుంది. చూడగానే బిగించేయండి.

కావలసిన సామాను ఎక్కువేం లేదు. స్లైడ్ పిన్నులకని డబ్బా మీదో ప్యాకెట్ మీదో రాసి ఉన్న సిలికాన్ బ్రేక్ గ్రీజు, నాలుగు పిన్నులకు 5 గ్రాముల ప్యాకెట్ ఒకటి చాలు. 500 మి.లీ. బ్రేక్ క్లీనర్, వైర్ బ్రష్, చిన్న ఆకురాయి, అంట్లు తోమే పచ్చ స్క్రబ్బర్ ముక్క, పాత టూత్ బ్రష్, పాల సీసాలు కడిగే సన్నటి బ్రష్, పిస్టన్ నొక్కడానికి జీ క్లాంపు, కాలిపర్ వేలాడదీయడానికి బైండింగ్ వైరు. బిగువు కొలిచి బిగించే టార్క్ రించి లేకపోతే అరువు తెచ్చుకోండి. ముక్కుకి మాస్క్ కట్టుకోండి. ప్యాడ్ పొడిని ఎయిర్ గన్‌తో గానీ నోటితో గానీ ఊదకండి, తడిపి తుడవండి.

గ్రీజు దగ్గర కాసేపు ఆగాలి, మీ కారుకి జరిగింది అక్కడే గనక. మనం అందరం బ్రేక్ ఆయిల్ అని పిలిచే దానిలో ఆయిల్ లేదు, అది గ్లైకాల్ జాతి ద్రవం. దానికి తగ్గట్టే బ్రేకుల్లోని సీళ్లకు ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరు వాడతారు. పిన్నుల మీది రబ్బర్లూ తరచుగా అదే జాతి. ఈ రబ్బరు గ్లైకాల్‌లో ఏళ్ల తరబడి ఉన్నా చెక్కు చెదరదు. పెట్రోలియం నూనె తగిలితే మాత్రం నానిన శనగపప్పులా ఉబ్బిపోతుంది. చాసిస్ గ్రీజు, బేరింగ్ గ్రీజు, ఇంజిన్ ఆయిల్, డీజిల్, కిరోసిన్ అన్నీ ఆ కోవకే చెందుతాయి. తుప్పు వదలగొట్టే స్ప్రేలు కూడా అంతే. చాలా కాలిపర్లలో రెండు పిన్నుల్లో ఒకదాని కొసన చిన్న రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది, గతుకుల్లో టకటకమనకుండా. చాసిస్ గ్రీజు పెట్టిన కొత్తలో పిన్ను వెన్నలా జారుతుంది. కొన్ని నెలలకు ఆ గొట్టం ఉబ్బి రంధ్రంలో బిరడాలా బిగుసుకుంటుంది. పది నెలల్లో పట్టేయడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు. పిన్నుల విషయంలో తప్పు గ్రీజు కన్నా ఏ గ్రీజూ లేకపోవడమే నయమని నా లెక్క. గ్రీజు లేని పిన్ను నెమ్మదిగా బిగుస్తుంది, రబ్బరు మాత్రం పాడవదు.

రాగి రంగు పేస్టు కూడా పిన్నులకు వద్దు. అది ప్యాడ్ వీపుకీ తుప్పు పట్టే లోహపు అతుకులకీ ఉద్దేశించింది. వేడికి నూనె ఆరిపోయాక మిగిలే పొడి సన్నటి రంధ్రంలో గట్టిపడుతుంది.

ఇక విప్పడం. చదునైన నేల మీద, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. ఇటుక వద్దు, బరువు పడితే పగులుతుంది. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేసి ఆ తర్వాత జాకీ ఎత్తండి. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే. ఇలాంటి పనికి జాకీ స్టాండు పెట్టాలి, విప్పిన చక్రాన్ని కూడా సైడ్ సిల్ (తలుపుల కింది అంచు) కిందికి తోసి ఉంచాలి. బానెట్ తెరిచి బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం చూడండి. పిస్టన్ వెనక్కి తోసినప్పుడు దాని వెనకున్న ద్రవం ఆ డబ్బాలోకి పైకి వస్తుంది. మ్యాక్స్ గీత దగ్గర ఉంటే కొత్త సిరంజితో కొంత తీసేయండి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి, లేకపోతే పెయింట్ పొంగి ఊడిపోతుంది.

చాలా చిన్న కార్లలో కాలిపర్ పిన్ను బోల్టులు 12 లేదా 14 నంబరువి. వదులు చేసేటప్పుడు పిన్ను కూడా తిరుగుతుంటే దాని తలకున్న పలకలను సన్నటి పానాతో పట్టుకోండి. కాలిపర్ ఊడి రాగానే బైండింగ్ వైరుతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టేయండి. హోసు మీద వేలాడదీస్తే లోపలి పొర చిట్లుతుంది, ఆ దెబ్బ పైకి కనిపించదు. ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు విప్పకండి. క్లిప్పు ఎటు, అరిగినప్పుడు చప్పుడు చేసి హెచ్చరించే రేకున్న ప్యాడ్ ఎటు అని సందేహం వస్తే చూసుకోవడానికి ఆ రెండో వైపే మీ నమూనా.

ఇప్పుడు రెండు పిన్నులనూ చేత్తో లాగి చూడండి. మంచి పిన్ను రెండు వేళ్లతో లాగితే వస్తుంది. పట్టేసినదాన్ని సుత్తితో కొట్టకండి. పలకలకు పానా వేసి అటూ ఇటూ తిప్పుతూ కొద్దికొద్దిగా బయటికి లాగండి. పిన్నుకి దుమ్ము, తడి తగలకుండా కాపాడే రబ్బరు తొడుగు, అంటే బూటు, పక్కనే ఉంటుంది కాబట్టి మంట పెట్టే ఆలోచన వద్దు. ఏ పిన్ను పై రంధ్రానిది, ఏది కిందదో గుర్తు పెట్టుకోండి. రబ్బరు గొట్టం ఉన్నదాని స్థానం కారు మోడల్‌ని బట్టి ఉంటుంది. తారుమారైతే లోపలికి వెళ్లడం వెళ్తుంది, జారడం దగ్గర మొండికేస్తుంది.

మీ ఎడమ పిన్ను గొట్టం మెత్తగా, జిగటగా, పిన్ను కన్నా లావుగా కనిపిస్తుందని అనుకుంటున్నాను. ఉబ్బిన రబ్బరు కడిగితే వెనక్కి రాదు. పిన్నులు, బూట్లు, గొట్టం కలిపి కాలిపర్ పిన్ కిట్ పేరుతో అమ్ముతారు, కారు మోడల్, తయారైన సంవత్సరం చెప్పి తెచ్చుకోండి. కాలిపర్ ధరతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకి రాదు. లోహపు పిన్ను మీద తుప్పు మరక మాత్రమే ఉంటే పచ్చ స్క్రబ్బర్‌తో పొడవునా రుద్దితే పోతుంది. గోరు తగిలేంత గుంటలు పడి ఉంటే ఆ పిన్నూ మార్చేయండి. గుంటలో తడి నిలుస్తుంది, మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ పనిలో ఎక్కువ మంది తొందరపడేది పిన్ను రంధ్రం దగ్గర. దానికి రెండో కొస మూసి ఉంటుంది, పాత గ్రీజంతా అడుగున పేరుకుంటుంది. దాని మీద కొత్త గ్రీజు వేస్తే పిన్ను పూర్తిగా లోపలికి పోదు, పోయినా వెనక్కి తోస్తుంది. సీసా బ్రష్‌కి బ్రేక్ క్లీనర్ పట్టించి తిప్పి తిప్పి తీయండి. బట్ట పేలికను పుల్లకు చుట్టి అడుగుదాకా తుడవండి. పేలిక తెల్లగా బయటికి వచ్చేదాకా ఇదే పని. కిట్‌తో కొత్తవి వస్తే పాత బూట్లు ముందే తీసేయండి. అవే వాడాలనుకుంటే సబ్బు నీళ్లతో కడగండి, రబ్బరును క్లీనర్‌లో నానబెట్టొద్దు. రంధ్రానికి డ్రిల్లు పెట్టి సాఫు చేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. రంధ్రం కాస్త పెద్దదైతే కాలిపర్ జీవితాంతం టకటకమంటుంది.

గ్రీజు ఎంత? పిన్నుకి శనగగింజంత. వేలితో రాస్తే పిన్ను తడిసినట్టు మెరవాలి, తెల్లగా పూసినట్టు కనిపించకూడదు. మిగిలిన కాస్తా బూటు అంచు లోపల రాయండి. రంధ్రంలో మాత్రం నింపకండి. నిండిన గ్రీజు వెనక గాలి చిక్కుకుంటే పిన్ను పంపు పిస్టన్‌లా పనిచేస్తుంది, నొక్కితే వెళ్లి, వదిలితే తన్నుకొస్తుంది. పిన్ను చివరిదాకా నొక్కి, బూటు అంచును గోటితో కొంచెం ఎత్తి గాలి పోనిచ్చి వదలండి. తర్వాత పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. పెట్టిన చోటే నిలవాలి. బూటు పెదవి పిన్ను గాడిలోనూ బ్రాకెట్ (పిన్నులు, ప్యాడ్లు కూర్చునే ఇనుప చట్రం) గాడిలోనూ చుట్టూ కూర్చుందో లేదో అద్దం పెట్టి అయినా చూడండి. ఒక పక్క కూర్చోకపోతే సముద్రపు గాలి, వాన నీళ్లు లోపలికి పోవడానికి ఆ సందు చాలు. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల పిన్నులు పట్టేయడానికి ఉప్పగాలిని తిట్టుకుంటాం గానీ, కూర్చున్న బూటును దాటి ఆ గాలి లోపలికి పోలేదు.

ప్యాడ్ చెవులు కూర్చునే గాడి రెండో ముఖ్యమైన చోటు. అక్కడున్న పలచటి స్టీలు క్లిప్పులు ఊడదీసి చూడండి. క్లిప్పు మెరుస్తూనే ఉంటుంది, దాని కింద బ్రాకెట్ ఇనుము తుప్పు పొరలు కట్టి ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు క్లిప్పును పైకి నెట్టి ప్యాడ్ చెవిని నొక్కేస్తుంది. పిన్నులు ఎంత జారినా చెవి ఇరుక్కుంటే బయటి ప్యాడ్ కథ మారదు. వైర్ బ్రష్‌తో తోమి, మొండి పొరలను ఆకురాయితో రాకి, లోహం కనబడగానే ఆపేయండి. లోహం తింటే ప్యాడ్ వదులై బ్రేక్ వేసినప్పుడల్లా టక్కుమంటుంది. క్లిప్పులు కొత్త ప్యాడ్లతో వస్తే వాటినే వాడండి. ప్యాడ్ వేలి ఒత్తిడికి గాడిలో జారాలి, తన బరువుకే జారి పడిపోకూడదు. కొత్త ప్యాడ్ బిగుతుగా ఉంటే బ్రాకెట్‌ని కాదు, చెవి మీది పెయింట్‌ని ఆకురాయితో రెండు మూడు సార్లు రాకండి.

ఇక్కడ పేస్టు పెట్టాలా వద్దా అన్న దాని మీద వాదనలున్నాయి. నా మాట ఇది: క్లిప్పుకి నల్లటి పూత ఉంటే ఏమీ పెట్టొద్దు. ఉత్త స్టీలు క్లిప్పయితే వేడికి తట్టుకునే సెరామిక్ బ్రేక్ పేస్టు, చెవి ఆనే చోట మాత్రమే, కనీ కనబడనంత. మన దుమ్ములో ఎక్కువైన పేస్టు రెండు నెలల్లో నూరుడు ముద్ద అయిపోతుంది. ప్యాడ్ వీపున పిస్టన్ అంచు తగిలే చోటా కాలిపర్ వేళ్లు తగిలే చోటా అదే పేస్టు సన్నటి పొర వేస్తే కీచు తగ్గుతుంది. డిస్క్‌కి తగిలే ముఖం మీద గ్రీజు వేలి ముద్ర పడినా ఆ ప్యాడ్‌ని నమ్మకండి.

పిస్టన్ చూడకుండా మూసేయకండి. పాత ప్యాడ్‌ని దాని మీద అడ్డం పెట్టి జీ క్లాంపుతో నెమ్మదిగా తోయండి. చేతి బిగువుకి ఆగకుండా లోపలికి పోవాలి. ఆగి ఆగి పోతే, దుమ్ము బూటు చిరిగి ఉంటే, దాని చుట్టూ తడి ఉంటే పిన్నుల శుభ్రం చాలదు. సీలు కిట్ వేయించడమో, అప్పుడు నిజంగా కాలిపర్ మార్చడమో చేయాలి, అది షెడ్డు పనే. వెనక చక్రాలకు కూడా డిస్కులున్న కార్లలో హ్యాండ్ బ్రేక్ కాలిపర్‌లోనే ఉంటే ఆ పిస్టన్‌ని క్లాంపుతో తోయకూడదు, చాలా రకాల్లో తిప్పుతూ నొక్కాలి. మీట నొక్కితే పడే ఎలక్ట్రానిక్ రకమైతే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి.

డిస్క్‌ని బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా తుడవండి. కనీస మందం దాని అంచున గానీ మధ్యలో గానీ అచ్చు వేసి ఉంటుంది, అంతకన్నా పలచబడితే మార్చాల్సిందే. వేడికి నీలి మచ్చలు పడ్డాయా, సన్నటి పగుళ్లున్నాయా అదీ చూడండి. మీ ఎడమ ప్యాడ్లు కాలి ఉన్నాయి కాబట్టి లోపలిది సగం మిగిలిందని ఆశపడొద్దు. కాలిన ప్యాడ్ ముఖం గాజులా నున్నబడి పట్టు పోతుంది. ముందు రెండు చక్రాలకూ కొత్త సెట్ వేయండి. ఒక్క వైపే వేస్తే బ్రేక్ వేసినప్పుడు కారు పక్కకు లాగుతుంది.

బిగింపు అంకెలు మీ కారు సర్వీస్ మాన్యువల్‌లోవే వాడాలి. ఓ అందాజుకి చిన్న కార్లలో పిన్ను బోల్టులు 22 నుంచి 35 న్యూటన్ మీటర్లు, బ్రాకెట్ బోల్టులు 80 నుంచి 110, చక్రం నట్లు 85 నుంచి 110 మధ్య ఉంటాయి. పిన్ను బోల్టుని చక్రం నట్టులా బిగిస్తే మరలు పోవడం ఖాయం. ఏ బోల్టు మరలకూ గ్రీజు పూయకండి.

చక్రం వేసి కారు దించాక, ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు పెడల్ తొక్కండి. మొదటి రెండు మూడు సార్లు నేలకు అంటుతుంది, పిస్టన్ వెనక్కి పోయింది కదా. గట్టిపడేదాకా తొక్కాలి. ఈ ఒక్కటీ మరిచి గేటు దాటితే మొదటి బ్రేకుకే ఎదురు గోడ తగులుతుంది. తర్వాత ఆయిల్ మట్టం చూసి, వీధిలోనే 20 కి.మీ. వేగంలో రెండుసార్లు ఆపి చూడండి. ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 దాకా మోస్తరు బ్రేకుతో పదిసార్లు తగ్గించండి, మధ్యలో కాస్త చల్లారనివ్వండి. ఆ తర్వాత బ్రేక్ తక్కువ వాడుతూ ఓ పది కి.మీ. నడిపి రెండు డిస్కుల వేడి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పోల్చండి. లేకపోతే రిమ్ సందులోంచి డిస్క్ మీద నీటి చుక్క వేసి చూడండి, చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. రెండు వైపులా దగ్గర దగ్గరగా ఉండాలి. ఎడమది ఇంకా చుయ్యిమంటుంటే మళ్లీ నిప్పిల్ పరీక్ష దగ్గరికి వెళ్లండి.

ఆ చక్రం ఇన్నాళ్లు కాలింది కాబట్టి బ్రేక్ ఆయిల్ కూడా మార్పించండి. డాట్ 4 అనే రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు, పెడల్ మెత్తన. డబ్బా మూత మీద డాట్ 4 అని ఉంటే అదే పోయండి. డాట్ 5 వేరే జాతి, సిలికాన్‌ది, దానితో కలపకూడదు.

వెనక డ్రమ్ములకు ఈ పిన్నుల గొడవ లేదు. డ్రమ్ము తీసినప్పుడు షూ అంచులు ప్లేటు మీద రాసుకునే బొడిపెలను తోమి వాటి మీద అదే వేడి పేస్టు చుక్కంత, అడ్జస్టర్ మరల మీద కాస్త, అంతే. షూలను బయటికి తోసే వీల్ సిలిండర్ బూటు కింద తడి కనిపిస్తే పేస్టు పక్కన పెట్టి ముందు అది చూపించండి.

కుడి చక్రం వేడెక్కడం లేదని వదిలేయకండి. పోయినసారి దానికీ ఆ చెయ్యే, ఆ డబ్బాలోంచే గ్రీజు పెట్టి ఉంటుంది. దాని గొట్టం ఇంకా బిగుసుకోలేదంతే. పిన్ కిట్లు రెండు తెచ్చుకుని అదే రోజు రెండో వైపూ విప్పండి.